ఉప్పుగాలి ఊళ్ళో స్నీకర్ల అర: అమ్మాయిల కోసం కొలత నుంచి జిగురు దాకా

ఢిల్లీలోనో బెంగళూరులోనో కూర్చుని రాసిన సలహాలు పట్టుకుని విశాఖలో స్నీకర్లు దాచుకుంటే రెండు వానాకాలాలు తిరిగేసరికి బూజు ఖాయం. అక్కడ పెట్టెలో పెట్టి మూతేసి మరిచిపోయినా కొన్నేళ్ళు నడిచిపోతుంది. ఇక్కడ లాసన్స్ బే అయినా ఎంవీపీ కాలనీ అయినా ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైమాటే. అందులో సముద్రపు ఉప్పు అదనం. మే నెల ఎండలో కూడా ఒళ్ళంతా జిడ్డుగా ఉండటానికి కారణమైన ఆ తేమే షూ అడుగులో చేరి పని మొదలుపెడుతుంది.

అమ్మాయిలకి దీని మీద ఇంకో చిక్కు ఉంది. షోరూముల్లో ఆడవాళ్ళ అరలో కనిపించేవి ఎక్కువగా వాకింగు, రన్నింగు షూలు. స్నీకర్లు సేకరించే కలెక్టర్లు వెంటపడే జతల్లో చాలావాటిని మగవాళ్ళ సైజుల్లోనో, పిల్లల సైజుల్లోనో వెతుక్కోవాలి. అందుకే ఈ సరదా స్కేలుతో మొదలుపెట్టాలి. పర్సు సంగతి తరవాత.

పాదం కొలత

కొలత సాయంత్రం తీసుకోండి. పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, షూ పట్టాల్సింది ఆ పాదానికే. కాగితాన్ని గోడకి ఆనించి నేల మీద పరవండి. షూతో వేసుకునే సాక్సులే వేసుకుని, మడమ గోడకి తగిలేలా, బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడండి. పెన్సిల్ నిటారుగా పట్టుకుని అన్నిటికన్నా ముందుకొచ్చిన వేలి దగ్గర గీత పెట్టండి. కొందరికి బొటనవేలి కన్నా పక్క వేలు పొడుగు, దాన్నే లెక్కించాలి. రెండు పాదాలూ కొలవండి, పొడుగైనదే మీ కొలత. తరవాత కుట్టు టేపుతో వేళ్ళ మొదళ్ళ దగ్గర, పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న చోట చుట్టుకొలత రాసుకోండి.

ఈ రెండో కొలత ఎవరూ తీసుకోరు, తేడా వచ్చేది మాత్రం అక్కడే. చెప్పుల్లో పెరిగిన పాదం ముందు భాగంలో విచ్చుకుని ఉంటుంది. అమెరికన్ బ్రాండ్లలో ఆడవాళ్ళ షూ మామూలు వెడల్పు బి, మగవాళ్ళది డి. ఒకే పొడవున్న రెండింటిలో మగవాళ్ళది వెడల్పు. ఆడవాళ్ళ జతలో చిటికెనవేలు నొక్కుకుంటుంటే సైజు పెంచకండి, పెంచితే మడమ జారుతుంది. అదే పొడవులో మగవాళ్ళ సైజుకి మారండి.

చీటీ చదవడం

నైకీ, జోర్డాన్ జతల్లో ఆడవాళ్ళ అమెరికన్ సైజు మగవాళ్ళ సైజు కన్నా 1.5 ఎక్కువ. ఆడవాళ్ళ 8 అంటే మగవాళ్ళ 6.5. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఈ రెండు చీటీల మీదా యూరోపియన్ సైజు 39 అనే ఉంటుంది కానీ యూకే సైజు ఆడవాళ్ళ దాని మీద 5.5, మగవాళ్ళ దాని మీద 6. సెంటీమీటర్లు కూడా ఆడవాళ్ళ దాని మీద 25, మగవాళ్ళ దాని మీద 24.5. మన దేశంలో అందరూ అడిగేది యూకే సైజే కాబట్టి మోసం లేకుండానే మోసపోతారు. ఒకే బ్రాండు లోపల పోల్చుకోవాలంటే యూరోపియన్ అంకెనే నమ్మండి.

పిల్లల సైజుల్లో పెద్దది గ్రేడ్ స్కూల్, అంకె పక్కన వై అని ఉంటుంది. 6వై అంటే ఆడవాళ్ళ 7.5, యూరోపియన్ 38.5. 7వైతో ఆ వరస ఆగిపోతుంది, అది ఆడవాళ్ళ 8.5, యూరోపియన్ 40. పాదం అందులో పడితే అదృష్టం, అదే రంగులో అదే మోడల్ తక్కువ ధరకి దొరుకుతుంది. కానీ కొన్ని మోడళ్ళలో గ్రేడ్ స్కూల్ జతకి తోలు నాసిగా ఉంటుంది, మడమ కింద గాలి నింపిన ఎయిర్ సంచి ఉండకపోవచ్చు. రోజూ వేసుకోవడానికి పర్వాలేదు, దాచుకునే జతైతే ఆలోచించండి. అమ్మే మనిషి ఊరికే "సైజు 7" అంటే వెంటనే ఆగండి. ఆడవాళ్ళ 7 అంటే యూరోపియన్ 38, 7వై అంటే 40. రెండూ ఏడే, మధ్యలో రెండు సైజులు.

అడిడాస్‌లో ఈ గొడవ తక్కువ. యూకే సైజు మగా ఆడా ఇద్దరికీ ఒకటే, యూరోపియన్ మాత్రం మూడో వంతుల్లో ఉంటుంది: యూకే 5 అంటే 38, 5.5 అంటే 38 2/3, 6 అంటే 39 1/3. కన్వర్స్ చక్ టేలర్ మామూలు సైజు కన్నా అర సైజు పెద్దగా వస్తుంది, కాబట్టి అర తగ్గించి తీసుకోండి.

ఏం కొనాలి: అడుగు చూసి

కలర్‌వే, అంటే రంగుల కూర్పు చూసి మనసు పారేసుకోవడం తప్పు కాదు. అయితే ఈ ఊళ్ళో ధర అడిగే ముందు అడుగు దేనితో చేశారో అడగాలి.

మొదటి రకం పైభాగాన్ని గిన్నెలా పట్టుకునే పూర్తి రబ్బరు అడుగు (కప్ సోల్), లేదా కాన్వాసుకి వల్కనైజ్ చేసిన, అంటే వేడితో గట్టిపరచిన రబ్బరు. జోర్డాన్ 1 (1985), నైకీ డంక్, అడిడాస్ సూపర్‌స్టార్, స్టాన్ స్మిత్, కన్వర్స్ చక్ 70 ఈ కోవలోవి. రబ్బరు పసుపెక్కుతుంది, గట్టిపడుతుంది గానీ తేమకి పొడి కాదు. విశాఖలో మొదటి జతలు ఇవే కావాలి.

రెండోది ఈవీఏ అనే ప్లాస్టిక్ నురుగు, రన్నింగు షూలలో ఎక్కువ. తేలిక. తేమకి కుళ్ళదు, కానీ కాలం గడిచేకొద్దీ అణిగిపోయి మెత్తదనం పోతుంది.

మూడోది పాలియురెథేన్, పీయూ. జోర్డాన్ 3, 4, 5, ఎయిర్ మాక్స్ 95 లాంటి వాటి నడిమి అడుగు దీనితోనే చేస్తారు. మన గొడవంతా దీనితోనే. గాలిలోని నీరు ఇందులోకి చేరి రసాయనపు గొలుసుల్ని తెంపుతుంది. దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. తెగినప్పుడు పుట్టే ఆమ్లం మిగతా గొలుసులు తెగడాన్ని ఇంకా వేగం చేస్తుంది. అందుకే బిగుతుగా మూసిన పెట్టెలో, పైగా తడిగాలితో సహా మూసిన పెట్టెలో, అది లోపల్లోపలే తనని తాను తినేస్తుంది. చూడటానికి కొత్తగానే ఉంటుంది. వేసుకుని పది అడుగులు వేయగానే అడుగు తడిసిన బిస్కట్టులా ముక్కలవుతుంది. పదేళ్ళ చుట్టుపక్కల ఈ ముప్పు మొదలవుతుంది, తేమ ఊళ్ళో ఇంకా ముందే. ఎవరూ వేసుకోని డెడ్‌స్టాక్ అని మురిసిపోయి పాత పీయూ జతకి ఎక్కువ పెట్టకండి. నెలకోసారి వేసుకున్న జతే ఎక్కువ కాలం బతుకుతుందన్నది కలెక్టర్ల అనుభవం.

పాత జోర్డాన్ 4 ఎవరైనా చూపిస్తే అడుగు పక్క భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. వెంటనే తిరిగి లేస్తే బాగుంది. గుంట అలాగే ఉండిపోయినా, వేలికి జిగటగా తగిలినా, సన్నటి వెంట్రుక పగుళ్ళు కనిపించినా వదిలేయండి. తయారైన తేదీ కోసం నాలిక వెనకో లోపలి పక్కనో ఉన్న చిన్న చీటీ చూడండి. అమ్మేవాళ్ళు చెప్పే ఏడాది కన్నా అదే నమ్మకం.

ఏదో ఒక వరస పెట్టుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. ఆడవాళ్ళ చరిత్రనే వరసగా పెట్టుకోవచ్చు. ఆడవాళ్ళ కోసమే మొదట రూపొందించిన క్రీడా బూటుగా పేరున్న రీబాక్ ఫ్రీస్టైల్ 1982 నాటిది. నైకీ తన బాస్కెట్‌బాల్ షూకి మొదటిసారి ఒక మహిళ పేరు పెట్టింది 1995లో, షెరిల్ స్వూప్స్ పేరుతో ఎయిర్ స్వూప్స్. 2017లో అలియాలి మే అనే డిజైనర్ జోర్డాన్ 1 రూపొందించి ఆడామగా ఇద్దరి సైజుల్లోనూ తెచ్చింది. బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి సబ్రీనా అయనెస్కు పేరున 2023లో వచ్చిన సబ్రీనా 1 కూడా యూనిసెక్స్ సైజుల్లోనే వచ్చింది. ఇలాంటి వరసలో నాలుగు జతలున్నా అర చూసినవాళ్ళకి ఒక కథ తెలుస్తుంది. తెల్ల డంకులు పన్నెండు పేర్చినా ఆ కథ రాదు.

అసలా, నకలా

ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ, సెవెన్ ఏ, పేరేదైనా అన్నీ నకళ్ళే. ఫోటో చూసి తేల్చేస్తాం అనేవాళ్ళని నమ్మకండి. చేతిలోకి తీసుకుని ఈ వరసలో చూడండి.

మొదట కోడ్. నైకీ పెట్టె మీదా, షూ లోపలి చీటీ మీదా ఆరు అక్షరాలు, గీత, మూడు అంకెలు ఉంటాయి. పాండా అని పిలిచే నలుపు తెలుపు డంక్ లో మగవాళ్ళకి డీడీ1391-100, ఆడవాళ్ళకి డీడీ1503-101, గ్రేడ్ స్కూల్‌కి సీడబ్ల్యూ1590-100. పెట్టె కోడ్, లోపలి కోడ్ ఒకటి కాకపోతే మాట్లాడటానికేం లేదు. ఒకటే అయినా ఆ కోడ్‌ని వెతికి చూడండి, వేరే రంగు షూ వస్తే అదీ అంతే. ఆడవాళ్ళ జత అని చెప్పి మగవాళ్ళ కోడ్ చూపించడం నకలు కానక్కర్లేదు, సైజు తప్పు చెప్తున్నారని మాత్రం అర్థం. అడిడాస్‌లో కోడ్ ఆరు అక్షరాలే. దాని లోపలి చీటీల్లో ఎడమ, కుడి కాళ్ళకి సీరియల్ నంబరు వేరువేరుగా ఉండాలి. రెండూ ఒకటే ఉంటే అనుమానించండి.

రెండోది ఎంఆర్‌పీ చీటీ. మన దేశంలో అధికారికంగా అమ్మిన జత పెట్టె మీద ధర, దిగుమతిదారు పేరు, నెల, సంవత్సరం ఉంటాయి. దుబాయి నుంచో అమెరికా నుంచో చుట్టాలు తెచ్చిన జతకి అది ఉండదు, అది నకలుకి గుర్తు కాదు. "షోరూములో కొన్నాను" అంటూ చీటీ లేకపోతే మాత్రం బిల్లు అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు దాటిన జతకి జీఎస్టీ 18 శాతం, ఆ లోపు 5 శాతం. బిల్లులో ఈ లెక్క సరిపోయిందో లేదో చూడటానికి నిమిషం పట్టదు.

మూడోది కుట్టు, వాసన, ఊదా దీపం. వేళ్ళ భాగంలో రంధ్రాల వరసలు రెండు కాళ్ళకీ ఒకేలా ఉండాలి. పాదం కింద పరిచే లోపలి మెత్త (ఇన్‌సోల్) ఎత్తి కింద కుట్టు చూడండి, నకళ్ళలో బద్ధకం బయటపడేది అక్కడే. నోట్లు పరీక్షించే చిన్న అతినీలలోహిత దీపం వేస్తే కొన్ని నకళ్ళలో కుట్టుకోసం గీసిన గుర్తులు మెరుస్తాయి. ఘాటైన జిగురు వాసన అనుమానం పెంచుతుంది కానీ ఒక్క వాసనతో తీర్పు ఇవ్వకండి.

ఒంటరిగా ఎవరింటికో వెళ్ళి చూడకండి. మద్దిలపాలెం సీఎంఆర్ సెంట్రల్ లాంటి జనమున్న చోట, పగలు, ఒకరిని తోడు తీసుకుని వెళ్ళండి. డబ్బు చూశాకే.

దాచడం

ఇంటి తేమ తెలియకుండా ఏం చేసినా చీకట్లో రాయి విసరడమే. కొన్ని వందల రూపాయలకి దొరికే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొనండి. చవకవి ఐదారు శాతం తప్పు చూపిస్తాయి కాబట్టి ముందు పరీక్ష పెట్టాలి. సీసా మూతలో ఉప్పు నింపి, తడి ఇసుకలా అయ్యేదాకా మాత్రమే నీటి చుక్కలు వేయండి. ఆ మూతనీ మీటరునీ జిప్ సంచిలో పెట్టి మూసి ఎనిమిది గంటలు కదపకండి. మీటరు 75 చూపించాలి. 80 చూపిస్తే ఇక మీద ప్రతి అంకెలోంచి 5 తీసేయండి.

అర ఎక్కడ? సముద్రం వైపు గోడకీ, స్నానాల గది గోడకీ ఆనించకండి, అవి చెమ్మ పీలుస్తాయి. లోపలి గోడ దగ్గర, గోడకి ఐదు సెంటీమీటర్లు ఎడంగా, నేలకి అడుగు ఎత్తున పెట్టండి. అటక మీద వద్దు, అక్కడి వేడికి జిగురు వదిలిపోతుంది. ఇనుప బీరువా కూడా వద్దు, ఏసీ గదిలో తలుపు తీసి మూసినప్పుడల్లా లోపల చెమ్మ పడుతుంది. గుమ్మం బయటి చెప్పుల స్టాండు రోజువారీ జతలకి, అంటే బీటర్లకి మాత్రమే. సింహాచలం వెళ్ళేటప్పుడు ఏ జత వేసుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

వేసుకుని వచ్చిన షూని ఆ రోజే పెట్టెలో పెట్టకండి. లేసులు వదులు చేసి, ఇన్‌సోల్ బయటికి తీసి, ఫ్యాను కింద కనీసం ఒక రోజు, వానాకాలంలో రెండు రోజులు ఉంచండి. పాదం చెమట ఉప్పుతో కూడుకున్నది, ఆరినా మళ్ళీ తేమని లాగుతుంది. తడిసిన షూలో న్యూస్‌పేపరు కుక్కడం మన అలవాటు. తెల్ల లైనింగుకి సిరా అంటుతుంది. రంగు వదలని పాత నూలు చీర ముక్కలు మేలు. హెయిర్ డ్రైయర్ వాడకండి.

ఇక తేమ పీల్చే సిలికా జెల్ గింజలు. ఇక్కడ చాలామంది ఒక చిన్న లెక్క తప్పుతారు. 33×21×12 సెంటీమీటర్ల పెట్టెలో పట్టేది ఎనిమిది లీటర్ల గాలి. 30 డిగ్రీల దగ్గర, 80 శాతం తేమలో ఆ గాలిలోని నీరు దాదాపు 0.2 గ్రాములు. దాన్ని చిన్న పొట్లం కూడా పీల్చేస్తుంది. కానీ అసలు నీరు గాలిలో లేదు, తోలులో, అట్టలో, నూలు లేసుల్లో గ్రాముల కొద్దీ దాక్కుని ఉంది. కంపెనీ ఇచ్చిన చిన్న పొట్లం దాని ముందు చెమ్చాతో సముద్రం తోడటమే. జతకి 50 గ్రాముల గింజలు, నూలు సంచిలో మూటకట్టి పెట్టండి. మూత బిగుతుగా పడే ప్లాస్టిక్ డబ్బా అయితేనే పెట్టండి. ముందు తలుపు, గాలి రంధ్రాలు ఉన్న డబ్బాల్లో సిలికా పెడితే అది విశాఖ గాలినంతా ఆరబెట్టాలని చూసి ఒక వారంలో చేతులెత్తేస్తుంది.

రంగు మారే గింజలు తీసుకోండి. నీలం గింజల్లో కోబాల్ట్ ఉంటుంది, నారింజ రంగువి మంచివి. రంగు మారాక పాత మూకుడులో, ఇక వంటకి వాడని దానిలో, సన్న సెగ మీద కలుపుతూ వేడి చేస్తే నీరు పోయి పాత రంగు వస్తుంది. ఓవెన్ అయితే 110 నుంచి 120 డిగ్రీల్లో రెండు గంటలు. అంతకన్నా ఎక్కువ వేడిలో రంగు మాడిపోయి ఇక ఎప్పుడు తడిసిందో తెలియదు. చల్లారాక వెంటనే డబ్బాలోకి.

డబ్బాలో తేమ 45 నుంచి 55 మధ్య ఉండాలి. 35 కిందికి దింపితే తోలు బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. బట్టల బీరువాల్లో వేలాడదీసే, అడుగున నీరు చేరే పొట్లాలు స్నీకర్ల దగ్గరికి రానివ్వకండి, ఒక్కసారి కారితే ఆ ఉప్పునీటి మరక పోదు. కలరా ఉండలు కూడా వద్దు, ఆ వాసన నురుగులో ఏళ్ళపాటు నిలిచిపోతుంది.

పీయూ జతల్ని మాత్రం ఇలా మూయకండి. ఆమ్లం బయటికి పోయే దారి కావాలి. తెరిచిన అరలో, నేరుగా వెలుతురు పడకుండా, నెలకోసారి ఇంట్లోనే అరగంట వేసుకుని తిరిగేలా ఉంచండి. బిగుతుగా ప్లాస్టిక్ పొర (ష్రింక్ ర్యాప్) చుట్టడం చూడటానికి బాగుంటుంది, పీయూకి అది పాడె కట్టడం.

అసలు అట్టపెట్టెల్ని విప్పి చదును చేసి, చీటీ పాడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి వేరే చోట దాచండి. అట్ట తేమని పీలుస్తుంది, బొద్దింకలకి ఇష్టం. అమ్మాల్సి వస్తే ఆ పెట్టెకే ధర పలుకుతుంది. ఏడాదికోసారి అన్నీ బయటికి తీసి తుడవడానికి ఈ ఊళ్ళో కాస్త పొడిగా ఉండే డిసెంబరు, జనవరి నెలలు మంచివి. భోగికి ముందు ఇల్లు దులిపేటప్పుడు ఆ పనీ అయిపోతుంది. అక్టోబరు వచ్చేసరికి మాత్రం అరలన్నీ కిటికీలకి దూరంగా జరపండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఏసీ మీద ఆధారపడిన అర అలాంటప్పుడు ఏమవుతుందో ముందే లెక్కేసుకోవాలి.

బూజు కనిపిస్తే ఇంట్లో దులపకండి. మాస్కు పెట్టుకుని డాబా మీద పొడి బ్రష్‌తో తీసి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడవండి. రంగు పోతుందేమో ముందు లోపలి అంచున చూసుకోండి. పక్క జతలు కూడా తీసి చూడాలి, బూజు ఒంటరిగా రాదు.

కడగడం, మరకలు

లీటరు గోరువెచ్చని నీటిలో ఒక టీస్పూను బేబీ షాంపూ చాలు. లేసులు, ఇన్‌సోల్ వేరుగా. పైభాగానికి మెత్తని బ్రష్, రబ్బరు అడుక్కి గట్టి బ్రష్, రెండూ కలపకండి. నురగని తడిగుడ్డతో రెండుసార్లు పూర్తిగా తీసేయండి. తెల్ల కాన్వాసు ఆరాక పసుపు చారలు పడేది మిగిలిన సబ్బు వల్లే. ఆరబెట్టేటప్పుడు తెల్ల టిష్యూ చుట్టి ఉంచితే ఆ చారలు కాగితం మీదికి దిగుతాయి. వాషింగ్ మెషీన్ వద్దు, క్లోరిన్ బ్లీచ్ అసలు వద్దు.

బీచ్‌లో తడిస్తే ఆలస్యం చేయకండి. ముందు ఆరనిచ్చి ఇసుక దులపాలి. జాలీ గుడ్డలో (మెష్‌లో) చిక్కిన ఇసుక ప్రతి అడుగుకీ దారాన్ని రాస్తుంది. తరవాత మంచినీటి గుడ్డతో ఉప్పు తీయండి. తోలు మీద తెల్ల గీతలు తేలితే తెల్ల వెనిగరు, నీళ్ళు సమానంగా కలిపి తుడిచి, పైన మంచినీటి గుడ్డ. లేసు రంధ్రాల లోహపు రింగులకి పచ్చ చిలుము పడితే అదే ద్రావణం, దూది పుల్లతో.

భీమిలి వైపు ఎర్రమట్టి అంటితే తడిగా ఉండగా రుద్దకండి, దారంలోకి దిగుతుంది. పూర్తిగా ఎండనిచ్చి బ్రష్ చేయండి. తెల్ల కాన్వాసులో ఇంకా ఎరుపు ఉంటే 200 మిల్లీలీటర్ల నీటిలో టీస్పూను నిమ్మ ఉప్పు కలిపి పది నిమిషాలు ఉంచి కడిగేయండి. ఆ ఎరుపు ఇనుముది, బ్లీచ్ దాన్ని ఇంకా స్థిరం చేస్తుంది.

పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, భయపడకండి. సబ్బు కడిగేసి ఎండలో పెడితే కొన్ని గంటల్లో వెలిసిపోతుంది. గోరింటాకు అలా కాదు, ఇన్‌సోల్‌కి అంటితే ఉండిపోతుంది. ఆషాఢంలో పెట్టుకున్న మొదటి రెండు రోజులు ముదురు రంగు సాక్సులు.

మగ కలెక్టర్లు రాసిన ఏ సలహాలోనూ కనపడని సంగతి ఒకటి. మెట్టెలు అల్లిక షూల లోపలి వైపు రెండో వేలి దగ్గర రాసి రాసి చిల్లు పెడతాయి. తీయడం కుదరకపోతే దాని మీద మెడికల్ టేపు ఒక చుట్టు చుట్టి, మందపాటి సాక్సు వేయండి. హై టాప్‌లతో పట్టీలు పెట్టుకుంటే మువ్వలు కాలరు తోలుని గీస్తాయి, పైగా కొత్త నల్ల జీన్సు తెల్ల కాలరుకి రంగు అంటిస్తుంది. జీన్సు మడత పైకి, పట్టీలు బ్యాగులోకి.

స్వేడ్‌కి, అంటే నూగు తోలుకి, నీళ్ళు చూపించకండి. పొడి బ్రష్, మొండి మరకకి పిల్లల పెన్సిల్ రబ్బరు. అణిగిన నూగు లేవాలంటే ఇడ్లీ పాత్ర ఆవిరికి ఇరవై సెంటీమీటర్ల ఎత్తున ఐదు సెకన్లు పట్టి, వెంటనే ఒకే దిశలో బ్రష్ చేయండి.

పసుపెక్కిన పారదర్శక అడుగుకి, జోర్డాన్ 11 లాంటి వాటికి, పార్లర్ సామాన్ల దుకాణంలో దొరికే 30 వాల్యూమ్ క్రీమ్ డెవలపర్ పనిచేస్తుంది. అందులో 9 శాతం పెరాక్సైడ్ ఉంటుంది, చేతి తొడుగులు తప్పనిసరి. పైభాగమంతా మాస్కింగ్ టేపుతో కప్పి, అడుగుకి పూసి, క్లింగ్ ఫిల్మ్ చుట్టి పొద్దుటి ఎండలో పెట్టండి. గంటకోసారి షూ తిప్పి క్రీమ్ సర్దకపోతే చారలు పడతాయి. పట్టే సమయం నాలుగు నుంచి ఆరు గంటలు. నడి మధ్యాహ్నపు ఎండ వద్దు, అడుగు తెల్లబడేలోపు ఊడుతుంది. కొన్ని నెలల్లో పసుపు మళ్ళీ వస్తుంది, అది తెలిసే చేయండి.

అడుగు ఊడితే

ముందు ఊడిన చోట గోటితో గీకండి. పీయూ పొడిగా రాలితే జిగురు దండగ. వేరే జత అడుగు తెచ్చి మార్చాలి తప్ప దారి లేదు. గట్టిగా ఉంటే అతికించవచ్చు. ఫెవిక్విక్ వాడకండి, అది ఆరాక గాజులా బిరుసై, వంగగానే విరిగి పక్క తోలుని కూడా చింపుతుంది. చర్మకారులు వాడే సింథటిక్ రబ్బరు సొల్యూషన్, అంటే ఫెవికాల్ ఎస్ఆర్ రకం, సరిపోతుంది.

పాత జిగురుని దూది పుల్లతో కొద్దిగా అసిటోన్ పెట్టి తీయండి. పెయింట్ వేసిన అడుగు అంచుకి అది తగిలితే రంగు లేస్తుంది, అంచుకి ముందే టేపు వేయాలి. రెండు ముఖాల్నీ 120 నంబరు గరుకు కాగితంతో పలచగా రుద్ది, పొడి తుడవండి. రెండింటికీ పలచగా సొల్యూషన్ రాసి, పది పదిహేను నిమిషాలు, వేలికి అంటనంతగా ఆరనివ్వండి. తొందరపడి తడిగా అతికించడం వల్లే ఎక్కువ అతుకులు వారంలో ఊడతాయి. వానాకాలంలో ఇంకో ఐదు నిమిషాలు ఆగాలి, తేమకి ముఖం మీద సన్నని నీటి పొర పడుతుంది కాబట్టి అది ఫ్యాను గాలికి పోవాలి. వేలి వైపు నుంచి మడమ వైపు కొద్దికొద్దిగా నొక్కుకుంటూ రండి. ఒకసారి అంటుకున్నాక సర్దడానికి వీలుండదు. షూ లోపల గుడ్డ కుక్కి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టూ బిగించి ఒక రోజు వదిలేయండి.

రోడ్డు పక్క చర్మకారుడికి ఇస్తే ఒక మాట ముందే చెప్పండి: "జిగురు మాత్రమే, కుట్టు వద్దు, మేకు వద్దు." అడుగు గట్టిగా ఉండాలని మంచి మనసుతో చుట్టూ కుట్టు వేసేస్తారు. ఎయిర్ సంచి ఉన్న జతలో సూది దిగితే బుస్సుమన్న ఆ శబ్దం ఒక్కసారే వినిపిస్తుంది.